రాయి ఆట

జ్యేష్ఠం, సోమవారం

పిల్లల గది తెరిచాను. ఉప్పుగాలికి చెక్కబొమ్మలు మళ్ళీ బూజు పట్టాయి, తుడిచి ఎండలో పెట్టాను. తెప్పల కింద పంపుల మోత మామూలే. పిల్లలందరూ వచ్చారు. ఎవరికీ జ్వరం లేదు.

ఈపాటి రాస్తే చాలు. ఆసుపత్రిలో ఉద్యోగులంతా రోజూ దినచర్య రాయాలని నియమం. రాసింది ఏదో యంత్రంలో పడుంటుంది, ఎవరూ చదవరు. ఎవరూ చదవరు కాబట్టే నాకు రాయబుద్ధవుతుంది. వీరవేణిది నోటిదురుసు అని నీళ్ళమీద తేలే మా పడవలూరంతా అంటుంది. పోనీ, ఇక్కడ నా దురుసు నేనే పడతాను.

నేను ఆటల టీచర్ని. గుండె చెడిపోయి పుట్టిన పిల్లలకి, వాళ్ళింకా నెలల బిడ్డలుగా ఉండగానే, మా డాక్టర్ కరుణాకర పాల్ గారు తొట్టిలో పెంచిన కొత్త గుండె పెడతారు. ఆ పిల్లలు తరువాత ఎలా ఎదుగుతున్నారో చూసి మార్కులు వేయడం నా పని. చెక్కముక్కలు పేర్పిస్తాను, బొమ్మలు చూపించి పేర్లడుగుతాను, ఎవరితో ఎలా మెలుగుతున్నారో గమనిస్తాను.

మార్కులు బాగా లేవు. మాటలు తక్కువ. పిలిస్తే చూడరు. అన్నిటికన్నా పెద్ద తంటా గెంతులు. చక్కగా కూర్చున్న పిల్ల ఉన్నట్టుండి లేచి, గదిలో ఆ మూలకీ ఈ మూలకీ పరుగెత్తి, ఆయాసమొచ్చేదాకా గెంతుతుంది. అందరిలోకీ లోవ మరీను. నాలుగేళ్ళ పిల్ల, బక్క కాళ్ళు, ఒక్కచోట నిలవదు. ‘చపలత్వం’ అని నేనే పేరు పెట్టాను. ఆ గడిలో ప్రతిసారీ మార్కులు కోస్తాను, ఇంట్లో కూడా గెంతనివ్వద్దని తల్లులకి చెప్తాను.

మధ్యాహ్నం డాక్టర్ గారు వచ్చి నా చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు.

“వేణి గారూ, గట్టు మీంచి వైద్య మండలి వాళ్ళు వస్తున్నారండి. ఆషాఢంలో. పిల్లల్ని వాళ్ళే పరీక్షిస్తారట. కొత్త గుండెల పిల్లలు మందకొడిగా ఉంటున్నారని తేలితే తొట్టి మూసేస్తారు.”

“మూసేస్తే ఆ నూకరత్నం బిడ్డ?”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నూకరత్నం నాచుతోటలో పనిచేస్తుంది. ఆమె కూతురు మూడో మంచంలో ఉంది, పెదాలు నేరేడుపండు రంగు. ఆ బిడ్డ గుండె తొట్టిలో పెరుగుతోంది. ఇంకా పేరైనా పెట్టలేదు, కొత్త గుండె కొట్టుకున్నాకే పెడతామని మొక్కుకున్నారు.

“నా పని నేను చేశానండి. మిగతాది మీ చేతుల్లో ఉంది,” అన్నారు.

నా చేతుల్లో చెక్కముక్కలు తప్ప ఏమున్నాయి?


జ్యేష్ఠం, శుక్రవారం

దాది చేతులు కడిగాను. వారానికోసారి నాచు సబ్బుతో కడగాలి, లేకపోతే వాసన.

పడవలూరిలో ఈ మర దాది లేని ఇల్లు లేదు. ఆడా మగా అందరూ నీళ్ళమీద పనికి పోయేవాళ్ళే. ఈ పంపుల మోతలో, అలల హోరులో పసిబిడ్డ ఏడుపు పక్కగదికి కూడా వినబడదు. అందుకని ప్రతి బిడ్డ మెడలో తాయెత్తు కడతారు. బిడ్డకి భయమేసినా, నొప్పెట్టినా, గుండె జోరందుకుంటుంది, తాయెత్తు ఎర్రబడుతుంది. కప్పు కింద పట్టాల మీద తిరిగే దాది చరచరా వచ్చి మెత్తటి చేతులతో బిడ్డని ఎత్తుకుంటుంది. తాయెత్తు పచ్చగా ఉంటే బిడ్డ క్షేమం. నోరు అబద్ధమాడుతుందిగానీ గుండె ఆడదని మా ఊరి మాట.

తాయెత్తు పచ్చగా ఉండగా బిడ్డని ఎత్తుకుంటే నలుగురూ నవ్వుతారు. పిల్లని గారం చేసి చెడగొడుతున్నావంటారు. ‘అడగందే అమ్మయినా పెట్టదు’ అని మా గది గోడమీద పెద్దక్షరాలతో రాసుంటుంది. రోజూ దాని దుమ్ము దులిపేది నేనే.

సరే, అసలు సంగతి. ఇవాళ నేను పరీక్ష బొమ్మల బీరువా తీశాను. మండలివాళ్ళు చూపించబోయే బొమ్మలూ అవే. పరీక్ష రోజున తప్ప వాటిని పిల్లలకి చూపించకూడదు. చూపించాను. పడవ, పీత, గొడుగు, నిచ్చెన. మళ్ళీ మళ్ళీ చెప్పించాను. తలుపు గడియ వేసి మరీ చెప్పించాను.

మూడో మంచం బిడ్డ మొహం గుర్తు తెచ్చుకుంటూ చేశాను. ఆ మాట రాసుకుంటే కొంచెం తేలికపడతాననుకున్నాను, పడలేదు.


ఆషాఢం, బుధవారం

బొమ్మల పేర్లు పిల్లలకి వచ్చేశాయి. గెంతులు పోవడం లేదు. మండలి ముందు ఈ గుంపంతా లేచి చిందులేస్తే పడవ, పీత, గొడుగు అన్నీ నీళ్ళపాలే.

అందుకని ఒక ఆట కనిపెట్టాను. రాయి ఆట. నేను “రాయి!” అనగానే అందరూ మఠం వేసుకుని కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. ఏం జరిగినా కదలకూడదు. కదలనివాళ్ళకి బెల్లం జీడి. మొదట్లో ఎవరూ కుదురుగా లేరు. జీడి రుచి తగిలాక ఒక్కొక్కరే రాళ్ళయ్యారు.

లోవ మాత్రం కొరకరాని కొయ్యే. పోయిన వారం పక్కపిల్ల దాని చెక్కముక్కలు పడగొట్టింది. పెదవి వణికింది, వెంటనే లేచి గెంతడం మొదలెట్టింది.

“రాయి, లోవా! రాయి! జీడి వద్దా?”

నా వంక చూసింది. కాళ్ళు ఇంకా ఆడుతున్నాయి. చేతిలో జీడి చూపించాను. మెల్లగా కూర్చుంది, రెండు చేతులతో మోకాళ్ళు అదిమిపట్టుకుంది. నేను చప్పట్లు కొట్టాను. జీడి నోట్లో పెట్టాను.

ఇవాళ సాయంత్రం వాళ్ళమ్మ మరిడమ్మ వచ్చింది. ఉప్పునీటికి పగిలిన కాళ్ళతో వాకిట్లోనే నిలబడి దణ్ణం పెట్టింది.

“ఏం మంత్రమేసారండీ బాబూ! ఇంటికాడ కూడా రాయి అంటే సాలు, బొమ్మలా కూసుంటంది.”

“మంత్రమేమీ కాదమ్మా, బెల్లం,” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.


ఆషాఢం, గురువారం

మండలివాళ్ళు వచ్చారు, చూశారు, వెళ్ళారు.

పిల్లలు గండం గట్టెక్కించారు. అడిగిన ప్రతి బొమ్మకీ పేరు చెప్పారు. మధ్యలో మండలి మనిషి చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి ఖంగుమని పడింది. నేనే ఉలిక్కిపడ్డాను. పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు. తాయెత్తులన్నీ పచ్చగానే ఉన్నాయి.

“ఎంత నెమ్మదైన పిల్లలండీ! మా గట్టుమీది పిల్లలు వీళ్ళ కాలిగోటికి సరిపోరు,” అంది మండలి పెద్దామె.

నేను లోవని చూస్తున్నాను. మఠం వేసుకునే ఉంది. ఒళ్ళోని చేతులు మాత్రం గౌను అంచుని పట్టుకుని పిండేస్తున్నాయి, వేళ్ళు తెల్లబడేలా.

తొట్టి ఉంచమన్నారు. రేపే నూకరత్నం బిడ్డకి ఆపరేషన్. ఆ తల్లి వద్దంటున్నా వినకుండా నా కాళ్ళమీద పడింది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం ఒక్కటే తక్కువ, ఆమెని లేవనెత్తి అక్కడినుంచి వచ్చేశాను.


శ్రావణం, మంగళవారం

బిడ్డ గుండె నిలబడింది. పెదాలకి రంగొచ్చింది. ఇంటికి కూడా పంపేశారు. ఈ సంతోషవార్త రాద్దామనే కూర్చున్నాను. రాయాల్సింది వేరే వచ్చిపడింది.

పొద్దున బొమ్మల పెట్టె సర్దుతూ నీళ్ళకోసం వెనక్కి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లోవ పెట్టె పక్కన మఠం వేసుకుని కూర్చుని ఉంది. మంచి పిల్ల, అనుకున్నాను. దగ్గరికెళ్ళి చూద్దును కదా, పెట్టె బరువు మూత దాని వేళ్ళమీద పడి ఉంది. ఒక చెయ్యి మూత కింద, ఒక చెయ్యి ఒళ్ళో. కళ్ళలోంచి నీళ్ళు ధారగా గడ్డందాకా కారుతున్నాయి. నోట్లోంచి చప్పుడు లేదు. తాయెత్తు పచ్చగా ఉంది. దాది గది అవతలి కొసన తన పాటికి తను ఊగుతోంది.

మూత ఎత్తాను. గోళ్ళు నల్లబడ్డాయి.

“ఓసి పిచ్చిదానా! అరవొచ్చు కదే! నన్ను పిలవొచ్చు కదే!”

లోవ వెక్కుతూనే రెండో చెయ్యి చాపింది.

“గెంతలేదు,” అంది. “రాయి. జీడి ఇయ్యి.”

గుడ్డ తడిపి వేళ్ళకి చుట్టి, ఎదురుగా కూలబడ్డాను.

“గెంతితే ఏమవుద్దమ్మా?”

“దాది వస్తది.”

“ఏడిస్తే?”

ఇంత తెలీని మనిషిని ఎప్పుడూ చూడనట్టు నా వంక చూసింది. “రాదు,” అంది.

గెంతమన్నాను. ఒప్పుకోలేదు. బతిమాలాను. జీడి ముందే ఇచ్చేశాను. అప్పుడు లేచి గెంతింది, మూలకీ మూలకీ పరుగెత్తింది, ఒగర్చేదాకా. కాసేపటికి తాయెత్తు ఎర్రబడింది. దాది జర్రున వచ్చి దాన్ని ఎత్తుకుంది. లోవ ఆ గుడ్డ భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది.

అయ్యో, నా బుద్ధి మండ! ఈ పిల్లలు ఇన్నేళ్ళూ పిలుస్తూనే ఉన్నారు. వాళ్ళకి తెలిసిన పిలుపు అదొక్కటే. నేను దానికి చపలత్వమని పేరు పెట్టాను. అది చాలక, బెల్లం ముక్క చూపించి ఆ పిలుపు కూడా మాన్పించాను.


శ్రావణం, బుధవారం

డాక్టర్ గారి గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. బీరువా సంగతి కూడా దాచలేదు.

“గుండె మార్చేటప్పుడు పాత నరాలు తెగిపోతాయి వేణి గారూ. బెదిరితే మీ గుండె చప్పున జోరందుకుంటుంది. వీళ్ళది అందుకోదు. నరం లేదు కదా, ఆ కబురు రక్తంలో కలిసి ఆలస్యంగా, కాస్తగా చేరుతుంది. ఒళ్ళు బాగా అలిసేలా గెంతితేనే పెరుగుతుంది. ఇది అందరికీ తెలిసిందే.”

“అందరికీ అంటే ఎవరికండీ? దాదిని చేసినవాళ్ళకి తెలుసా? తాయెత్తు కట్టే తల్లులకి తెలుసా? నాకు తెలుసా?”

“మీరెప్పుడూ అడగలేదు.”

“అడగందే అమ్మయినా పెట్టదని గోడలమీద రాసుకున్న ఊరు కదండీ మనది!”

నా గొంతు నడవలోకి వినబడి ఉంటుంది. ఆయన కోప్పడలేదు. తల పట్టుకున్నారు. ఆయన గుండెని చూశారు, దాదిని చేసినవాళ్ళు దాదిని చూశారు, నేను మార్కులు చూశాను. బిడ్డని మొత్తంగా ఎవరమూ చూడలేదు.

“ఇప్పుడు బయటపెడితే మార్కులన్నీ రద్దు చేస్తారు,” అన్నారు చివరికి. “మళ్ళీ పరీక్షలయ్యేదాకా తొట్టి మూస్తారు. ఈలోగా ఇంకో బిడ్డ నీలం పెదాలతో వస్తే, ఆ తల్లికి మీరు చెప్తారా, నేను చెప్పనా?”

నోటిదురుసు వీరవేణి నోరు మూసుకుని వచ్చేసింది. నేను గుమ్మం దాటేలోపు ఆయన, దాదుల్ని గుట్టుగా మార్పించవచ్చేమో ఆలోచిద్దాం, కొన్నాళ్ళు ఆగుదాం అన్నారు. సరేనన్నాను. తేలిగ్గా సరేనన్నాను, అదే నాకు సిగ్గుగా ఉంది.


శ్రావణం, శుక్రవారం

నూకరత్నం బిడ్డ బారసాలకి పిలిచారు. వెళ్ళకూడదనుకున్నాను. పిలవడానికి ఆమే మా పడవదాకా వచ్చింది. ఎలా మానను?

ఇల్లంతా జనం. పంపుల మోతకి పైన మేళం ఒకటి. మరిడమ్మ కూడా వచ్చింది, లోవని పక్కన కూర్చోబెట్టుకుంది. ఉయ్యాలకి బంతిపూలు కట్టారు. పైన కొత్త దాది, ఊరి సంఘం ఇచ్చింది.

“రండి టీచరుగారూ, మీకోసమే సూత్తన్నాం,” అంటూ నూకరత్నం నన్ను ఉయ్యాల దగ్గరికి లాక్కుపోయింది. “ఆపరేషనయ్యి వచ్చిన కాణ్ణించి దాది ఒక్కసారి రాలేదండి. అంత బంగారుతల్లి. కాళ్ళెలా ఆడిత్తందో సూడండి! డేన్సరవుద్దండి ఇది!”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను వంగి చూశాను. బిడ్డ నోరు తెరుచుకుని ఉంది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఏడుస్తోంది. మేళంలో, పంపుల్లో ఆ ఏడుపు ఎవరికీ చేరడం లేదు. చిట్టి కాళ్ళు రెండూ గాలిని తన్నుతున్నాయి, ఆగి, అలిసి, మళ్ళీ తన్నుతున్నాయి. ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటోంది. తాయెత్తు పచ్చగా ఉంది.

“పేరేం పెట్టామో అడగరేటండీ?” అంది నూకరత్నం. “మీ పేరేనండి. వీరవేణి. మీరు లేపోతే ఇది లేదు కదండీ.”

నేను రెండు చేతులూ ఉయ్యాలలో పెట్టి బిడ్డని ఎత్తేసుకున్నాను.

మేళం ఆగింది. “అయ్యయ్యో! పచ్చగానే ఉంది కదండీ!” అన్నారెవరో. మేళం లేకపోవడంతో, పంపుల మోత మీదుగా, బిడ్డ ఏడుపు మొదటిసారి అందరికీ వినబడింది. నూకరత్నం నవ్వు మొహంమీదే ఆగిపోయింది.

అప్పుడు చెప్పేశాను. తెగిన నరం, తాయెత్తు, గెంతులు, బీరువా, బెల్లం, అన్నీ. ఎంత వరసగా చెప్పానో తెలీదు. బిడ్డ నా భుజంమీద వెక్కుతూ సద్దుమణిగింది.

మొదట లేచింది మరిడమ్మ. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“గెంతినప్పుడల్లా కాళ్ళమీద కొట్టేదాన్నండి,” అంది. “మీరే కదండీ గెంతనివ్వద్దన్నారు. మా అమ్మ ఇచ్చిన గరిట కాడతో కొట్టేదాన్ని.”

ఆమె లోవని ఒళ్ళోకి లాక్కుంది. లోవ మఠం వేసుకునే ఉంది. ఎత్తుకున్నా ఆ కాళ్ళు విడలేదు.

నూకరత్నం నా చేతుల్లోంచి బిడ్డని తీసుకుంది. తాయెత్తు దారం పళ్ళతో కొరికి తెంపేసి, కొంగులో బిడ్డని చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇదంతా రాసి మండలికి కూడా ఇవాళే పంపించాను. డాక్టర్ గారికి ముందుగా చెప్పలేదు.


భాద్రపదం, సోమవారం

మండలి కబురొచ్చింది. మార్కులన్నీ రద్దు. నేను ఇకమీద ఏ బిడ్డకీ మార్కులు వేయకూడదు. దాదుల్ని మారుస్తారు, ఏడుపు వినేలా, మొహం చూసేలా. మళ్ళీ పరీక్షలయ్యేవరకూ తొట్టి మూత. డాక్టర్ గారు నాతో మాట్లాడటం లేదు. ఆయన అడిగిన ప్రశ్న అలాగే ఉంది. రోజూ ఆసుపత్రి రేవులో పడవ ఆగితే, దిగే తల్లి చేతుల్లోని బిడ్డ పెదాల రంగు ముందు చూస్తాను.

గది ఊడ్చడానికి మాత్రం నన్ను ఉండనిచ్చారు. నేనే అడుక్కున్నాను.

తల్లులు ఇప్పుడు తాయెత్తు చూడకుండానే పిల్లల్ని ఎత్తుకుంటున్నారు. తతిమ్మా పిల్లలు వారం తిరక్కుండా మళ్ళీ గెంతులు మొదలెట్టారు, ఆ చప్పుడు వింటే నాకు ప్రాణం లేచొస్తుంది. లోవ ఒక్కతీ లేవడం లేదు. పడినా రాయి. ఆకలేసినా రాయి. మరిడమ్మ రోజూ దాన్ని నా గుమ్మంలో దించి, “మీరే నేర్పారు, మీరే మాన్పించండి,” అని వెళ్ళిపోతుంది. న్యాయమే.

ఆట అయిపోయిందని చెప్పాను. రాయి పగిలిపోయిందని చెప్పాను. జీడి డబ్బా సముద్రంలో విసిరేశాను, దాని కళ్ళముందే. విసిరినవైపు చూసి మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఇవాళ ఇంక ఏం చేయాలో తోచక చీపురు పక్కన పడేసి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నేనే గెంతాను. నా వయసు, నా ఒళ్ళు, చూసినవాళ్ళు నవ్విపోతారు. నవ్వనీ. తెప్ప గది కిర్రుకిర్రుమంది. ఆ మూలకీ ఈ మూలకీ పరుగెత్తాను. మోకాళ్ళు గోలపెట్టాయి, కొప్పూడింది, ఊపిరందలేదు. ఎందుకో ఏడుపొచ్చేసింది, ఏడుస్తూనే గెంతాను. ఇలా గెంతమ్మా, ఒక్కసారి గెంతు, అని మనసులో దాన్ని బతిమాలుకుంటున్నాను.

లోవ కాసేపు చూసింది. తరువాత మఠం విప్పి లేచింది. గెంతలేదు. నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నల్లగోళ్ళ చేతులు రెండూ నా మోకాళ్ళ చుట్టూ వేసి, పళ్ళు బిగించి, నన్ను ఎత్తుకోవడానికి చూసింది.